ఐదో నంబరులో తగ్గిన నీళ్ళు

తప్పు ఎవరిదో తెలియకముందే "తప్పు మాదే మేడం" అని కృపారాణి అనేసిన చోట పోయిన వారం ఆగాం.

ఆ మాట అన్నది కోరుట్లలో, డాక్టర్ శోభారాణి గారి ప్రసూతి ఆస్పత్రి వరండాలో. ముగ్గురు పసిపిల్లలకు వీపు మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. ముగ్గురూ పడుకున్నది జగిత్యాలలో కృపారాణి లాండ్రీలో ఉతికి, మడతపెట్టి పంపిన దుప్పట్ల మీదే. పిల్లల తాతలు, మేనమామలు మెట్ల మీద నిలబడి గొంతులు పెంచుతుంటే ఆమె ఎవరితోనూ వాదించలేదు. ఒక గాజు గ్లాసు అడిగింది. అందులో గోరువెచ్చని నీళ్ళు పోసి, ఉతికిన దుప్పటి కొస ముంచి బాగా పిసికింది. తర్వాత గ్లాసు మూతికి అరచెయ్యి అడ్డుపెట్టి గిలకొట్టింది. నీళ్ళ మీద తెల్లగా నురగ నిలబడింది. ఉతికిన బట్టలో సబ్బు ఉండిపోయిందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"ఎల్లుండి పొద్దున మళ్ళొస్త మేడం. గిదే గ్లాసుల, గిట్లనే చూద్దాం. నురగ కనవడ్డదంటే నేనే పని బందు చేస్కుంట" అంది.

డాక్టరమ్మ గ్లాసు పక్కన పెట్టి, "సరే. ఎల్లుండిదాంక చూస్త" అంది. అంతవరకే.

ఇప్పుడు కృపారాణి వ్యాన్లో జగిత్యాలకు తిరిగి వస్తోంది. భర్త జైపాల్ బండి నడుపుతున్నాడు. ఎండ అద్దంలోంచి నేరుగా ఒళ్ళో పడుతోంది. ఆమె ఒళ్ళో ఆ దుప్పటి ఉంది.

"గంత మంది ముందట మాదే తప్పు అంటవా?" అన్నాడు జైపాల్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ముందుగాల ఇంటికొచ్చి చూస్కోని చెప్తే అయిపోవు గదా."

"గ్లాసుల నురగ కండ్లకు కనవడంగ ఇంకేం చూస్కోవాలె? పిల్లల వీపులు చూసినవా నువ్వు?"

జైపాల్ చూడలేదు. వార్డు దాకా వెళ్ళి గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు అతను.

"ఐదో నంబర్‌ల మూడు రిన్సులు పెట్టిన నేను" అంది కృపారాణి, అతనితో కాదు, తనతో తాను అనుకున్నట్టు. "మూడుసార్లు జాడిస్తే గంత సబ్బు ఉండది. ఉండనే ఉండది. నువ్వేమన్న ముట్టినవా మెషిన్?"

"నాకు స్టార్ట్ బటన్ తప్ప ఏం తెల్వది. గా బటన్ గుడ నువ్వు చూపించిందే."

అది నిజమే. కృపారాణికి నవ్వు వచ్చినంత పనైంది గానీ రాలేదు. జైపాల్‌కు తెలియదంటే, ఆ మెషిన్ లోపలి లెక్క తెలిసిన వాళ్ళు ఆ ఇంట్లో ఇంకొక్కరే ఉన్నారు.

*

ఆ మెషిన్ ఇళ్ళల్లో ఉండే రకం కాదు. మనిషి నిలబడితే భుజం దాకా వచ్చే ఇనుప పెట్టె. హైదరాబాదులో ఒక హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే విభాగంలో కొన్నేళ్ళు పనిచేసిన కృపారాణి, సొంతంగా పెట్టుకుంటే ఇట్లాంటిదే పెట్టుకోవాలని అప్పుడే అనుకుంది. ఎన్ని నీళ్ళు ఎక్కాలి, ఎంత వేడి కావాలి, ఎంతసేపు నానాలి, డ్రమ్ము మెల్లగా తిరగాలా గట్టిగా తిరగాలా, ఎన్నిసార్లు జాడించాలి, చివరికి ఎంత జోరుగా పిండాలి, అన్నీ మనమే రాసిపెట్టుకోవచ్చు దాంట్లో. రాసి, ఒక నంబరు ఇస్తే, ఆ నంబరు నొక్కినప్పుడల్లా అట్లాగే ఉతుకుతుంది.

కంపెనీ వాళ్ళు పెట్టిచ్చిన సైకిళ్ళను, అంటే ఆ ఉతుకు వరసలను, ఆమె మొదటి నెలలోనే తీసి పక్కన పెట్టింది. అవి ఏ ఊరి నీళ్ళను చూసి పెట్టినవో గానీ, జగిత్యాల బోరు నీళ్ళను చూసి పెట్టినవి మాత్రం కావు. ఈ నీళ్ళు గట్టివి. సబ్బు తొందరగా కరగదు, పట్టుకుంటే తొందరగా వదలదు. అందుకని ఒక్కో బట్టకు ఒక్కో తీరున తనే కూర్చుని రాసుకుంది. ఫంక్షన్ హాలు టేబుల్ గుడ్డలకు ఒకటి. వాటికి పసుపు, నూనె పడతాయి కాబట్టి వేడి ఎక్కువ. బడి పిల్లల యూనిఫారాలకు ఒకటి, జరీ అంచు చీరలకు ఉయ్యాల ఊపినట్టు తిరిగేది ఒకటి. ఐదో నంబరు ఆస్పత్రి దుప్పట్లది. అది రాసేటప్పుడు ఆమె అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది.

వ్యాను దిగి, చెప్పులైనా విడవకుండా నేరుగా మెషిన్ దగ్గరికి వెళ్ళింది. రహస్య అంకెలు నొక్కింది. ఐదో నంబరు తెరిచింది. నానబెట్టడం, ఉతకడం, ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

రిన్స్ ఒక్కటే ఉంది.

ఆమె తెర వంక చూస్తూ నిలబడింది. ఎవరో పొరపాటున నొక్కితే ఇట్లా అవదు. లోపలికి పోయి, రెండు వరసలు తీసేసి, మళ్ళీ భద్రం చేసి బయటికి రావాలి. తెలిసిన చెయ్యి చేసిన పని ఇది.

పెరటి గుమ్మం దగ్గర దావీదు పైపుకు గుడ్డ చుట్టి బిగిస్తున్నాడు. కృపారాణి మామ. జగిత్యాలలో నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పుతూ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏ వాడకు ఏ వేళ నీళ్ళు వదలాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. లాండ్రీ పెట్టినప్పుడు పైపులన్నీ ఆయనే వేశాడు. కోడలు ఊళ్ళో లేనప్పుడు మెషిన్ చూసుకోవడానికి పనికొస్తుందని, ఆ రహస్య అంకెలు ఆమే ఆయనకు నేర్పింది.

"మామా, ఐదో నంబర్ ఎవలు ముట్టిండ్రు?"

"నేనే ముట్టిన" అన్నాడు దావీదు. తల కూడా ఎత్తలేదు. దాచే మనిషి కాదాయన. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు, అంతే.

"రెండు రిన్సులు తీసేసినవ్."

"తీసేసిన."

"నాకు చెప్పకుండనా?"

"చెప్తే తియ్యనిస్తవా?"

ఆ మాటకు కృపారాణికి ఒళ్ళు మండింది. చేతిలో దుప్పటిని ఆయన ముందర పరిచింది. "మామా, గీ దుప్పటి మీద పండుకున్న పిల్లకు వీపంత ఎర్రగైంది. ముగ్గురికి అయింది. నేను అందరి ముందట నిలవడి తప్పు మాదే అని అచ్చిన. ఎవలు చేసిండ్రో తెల్వక అని అచ్చిన. ఇప్పుడు చెప్పు, ఎందుకు తీసినవ్?"

దావీదు చేతిలో పైపు కింద పెట్టాడు. దుప్పటి వంక చూశాడు. పిల్లల సంగతి ఆయనకు తెలియదని ఆ చూపులోనే అర్థమైంది. ఆయన లేచి, "ఇటు రా" అని గోడ వైపు నడిచాడు.

గోడకు ఆవల సందులో ఆడవాళ్ళు బిందెలు వరసగా పెట్టి ఉన్నారు. గోడలోంచి దావీదు ఎప్పుడో ఒక నల్లా సందులోకి తీసిపెట్టాడు. అది కృపారాణి ఇంతవరకు చూడలేదు. అందరికంటే ముందు పక్కింటి కిష్టవ్వ ఉంది. బిందె నిండుతుంటే చేత్తో కొంగు సర్దుకుంటూ, "కోడలు అచ్చిందా అన్నా?" అని పలకరించింది.

"అచ్చింది" అన్నాడు దావీదు. తర్వాత గొంతు తగ్గించి కోడలితో చెప్పాడు. "మన బోరు నడిచినంతసేపు కిష్టవ్వోళ్ళ బోరు గాలి గొడ్తున్నది. ఆమెదే గాదు, గీ సందుల నాలుగిండ్లది గదే తీరు. ఎండలు ముదిరినయి, నీళ్ళు లోతుకు వోయినయి. మనది జర లోతు బోరు. మనం గుంజుతుంటే వాళ్ళకు అందుతలేవు. అందుకే మెషిన్ల నీళ్ళు తగ్గించిన. తగ్గినయి వాళ్ళకు వదుల్తున్న."

"గంత మాట నాకు చెప్తే నేను కాదంటుంటినా?"

"పని ఆగుతదని భయపడ్తవనుకున్న." దావీదు గోడకు చెయ్యి ఆనించాడు. "మా అవ్వ మల్లవ్వ, పెగడపల్లిల బాయికి దూరంగ కుండ పెట్టుకోని నిలవడేది. బాయి ముట్టద్దు మనం. పెద్దోళ్ళు ఎవలన్న చేది పోస్తే ఇంటికి నీళ్ళు, లేకుంటే లేదు. పొద్దుందాంక నిలవడ్డ రోజులున్నయి. నేను పక్కన కూసుండి చూసేటోన్ని. అందుకే ట్యాంకు కాడ కొలువు దొరికినంక ఏ వాడకు గుడ చుక్క తక్కువ కానియ్యలే. ఇయ్యాల నా ఇంటి బోరు నడిచి, పక్కింటామె ఒట్టి బిందె పట్టుకోని నిలవడితే నాకు అన్నం దిగుతదా బిడ్డా?"

ఆయన తల్లి సంగతి కృపారాణి ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. ఆమె గోడవతల నిండుతున్న బిందె వంక చూసింది. కానీ కోరుట్ల వార్డులో చూసిన వీపు కూడా కళ్ళ ముందు నుంచి పోలేదు. అరచెయ్యంత కూడా లేని వీపు అది.

"నువ్వు నీళ్ళిచ్చింది మంచిదే మామా" అంది చివరికి. "నేనైనా ఇస్తుంటి. కానీ నువ్వు రిన్సు తగ్గించినవ్, సబ్బు తగ్గియ్యలే. పాత లెక్కనే పౌడరు పోసుకుంట వోయినం. ఒక్కసారి జాడిస్తే అది ఎటు వోతది? బట్టలనే ఉంటది. నీళ్ళ సంగతి నీకు తెలుసు, బట్ట సంగతి నాకు తెలుసు. ఒకలికొకలం చెప్పుకోకుండ ఎవలి తెలివి వాళ్ళం చూపిచ్చినం. దెబ్బ మాత్రం పిల్లలకు తాకింది."

దావీదు దుప్పటిని చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళ మధ్య నలిపాడు. జిడ్డుగా తగిలింది కాబోలు, కళ్ళు దించుకున్నాడు.

"గా పిల్లలకు నయమైతదా?"

"అయితదన్నది డాక్టరమ్మ. ఇంకోపారి కావద్దు, గంతే."

"అయితే మళ్ళ మూడు రిన్సులు పెట్టు. నేను కిష్టవ్వకు చెప్పుకుంట."

"పెట్టను" అంది కృపారాణి. "కిష్టవ్వ బిందె నిండాలె, దుప్పటి సబ్బు వదలాలె. రెండూ అయ్యేటట్టు రాస్త. కూసో మామా, నీతోని పనుంది."

ఆమె గొంతులో కోపం పోయి వేరే ఏదో వచ్చింది. పని చేతికి దొరికినప్పుడు ఆమెకు వచ్చే గొంతు అది. జైపాల్‌కు అది బాగా తెలుసు. ఇక అన్నం వేళ దాటిపోతుందని అర్థమై, వెళ్ళి అరటిపండ్లు తెచ్చాడు.

*

మెషిన్ ముందర రెండు స్టూళ్ళు వేసుకుని మామాకోడళ్ళు కూర్చున్నారు.

"జాడిస్తె సబ్బు పోతదనుకుంటం గానీ, ఒట్టిగ జాడిస్తె పోదు మామా. ఉతికిన బట్టల సబ్బు నీళ్ళు ఉంటయి. గవి పిండకుండ పైనుంచి మంచినీళ్ళు పోస్తే, గా సబ్బు పలచగైతది గంతే. ముందుగాల పిండి, సబ్బు నీళ్ళు బయటికి నూకి, అప్పుడు జాడించాలె. మళ్ళ పిండి, మళ్ళ జాడించాలె. గట్ల చేస్తే మూడు రిన్సుల పని రెండిట్లనే అయితది."

"మా అవ్వ గట్లనే చేసేది" అన్నాడు దావీదు. "ఒక్క బకెట్ నీళ్ళల్ల ఇంటిల్లిపాది బట్టలు తీసేది. పిండుడే పిండుడు."

"మరి, మెషిన్‌కు గదే నేర్పుదాం."

ఆమె రాసింది. పౌడరు దాదాపు సగానికి తగ్గించింది. డ్రమ్ములో బట్టలు కుక్కకుండా పైన ఖాళీ వదలాలంది. బట్ట ఎగిరి పడకపోతే మధ్యలోకి నీళ్ళు చేరవు. ఆ మాట విని జైపాల్, "అట్లైతే ఒక్క బండి దుప్పట్లకు ఎక్కువసార్లు తిప్పాలె గదా" అన్నాడు.

"తిప్పుదాం" అంది. అతను లేచి దుప్పట్ల కట్ట విప్పాడు.

మొదటిసారి తిప్పి తీసి, గ్లాసులో చూశారు. నురగ దాదాపు లేదు. కానీ ఒక దుప్పటి మీద నెత్తురు మరక పోలేదు, గోధుమరంగులో గట్టిపడి కూర్చుంది. కృపారాణి దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. నెత్తురు మరకకు చన్నీళ్ళే పడాలి, వేడి తగిలితే ఉడికి బట్టకు అంటుకుపోతుంది. అందుకే మొదట చన్నీళ్ళలో నానబెట్టమని రాసింది. మరి వేడి ఎక్కడిది?

పరుగున వెళ్ళి నల్లా కింద చెయ్యి పెట్టింది. చెయ్యి చుర్రుమంది.

"ట్యాంకు నీళ్ళు!" అంది. మేడ మీద నల్లటి ట్యాంకులో పొద్దంతా ఎండకు కాగిన నీళ్ళు. మెషిన్ చన్నీళ్ళనుకుని పట్టుకున్నవి అవే. "మెషిన్‌కు నేను చల్లయి అని చెప్పిన. పైనుంచేమో పొయ్యి మీది నీళ్ళస్తున్నయి."

దావీదు అప్పటికే పెరట్లోకి నడిచాడు. చింతచెట్టు నీడలో నేలలోకి కట్టిన పాత తొట్టి ఉంది, మూత కూడా ఉంది. ఎప్పుడో కట్టి వదిలేసింది. మూత తీసి లోపల చెయ్యి ఆనించి చూశాడు. లోపలి గోడ చల్లగా ఉంది.

"నువ్వు ఆఖరి రిన్సు నీళ్ళు ఏం చేస్తున్నవ్?" అని అడిగాడు.

"మోరిల వోతున్నయి" అని మురికి కాలువ వైపు చూపించింది.

"సబ్బుంటదా వాటిల?"

ఆయన ఏం చెప్పబోతున్నాడో కృపారాణికి అర్థమై ముఖం విచ్చుకుంది. "ఉండది. ఆఖరివి దాదాపు మంచినీళ్ళే."

"మరి గవి గీ తొట్టిల పడితే, నీడకు చల్లవడ్తయి. తెల్లారి దుప్పట్లు నానవెట్టుడుకు గవే వాడు. నానవెట్టినయి ఎట్లైన పారబోసేటియే గదా."

"పారబోసుడే. ఆ తర్వాత ఉతికేటియి, జాడిచ్చేటియి కొత్తనీళ్ళే."

"అయితే మోరి పైపుకు నడుమ రెండు వాల్వులు పెడ్త. ఒకటి మోరికి, ఒకటి తొట్టికి. ఆఖరి రిన్సు అచ్చినప్పుడు తిప్పాలె."

"ఎప్పుడు అచ్చిందో నీకు తెలిసేటట్టు చేస్త" అంది కృపారాణి. మెషిన్ దగ్గరికి తిరిగి వచ్చి ఐదో నంబరులో ఇంకొక వరస చేర్చింది. ఆఖరి జాడింపు అయిపోగానే నీళ్ళు వదలకుండా మెషిన్ ఆగి, కూత పెడుతుంది. మనిషి వచ్చి వాల్వు తిప్పి, బటన్ నొక్కితేనే ముందుకు కదులుతుంది. ఏ కంపెనీ వాడూ ఇట్లాంటి సైకిల్ రాసి ఇవ్వడు. అది ఆ ఇంటికి, ఆ బోరుకు, ఆ మామకు మాత్రమే సరిపోయేది.

పొద్దు వాలేలోపు దావీదు వాల్వులు బిగించాడు, ఆ సాయంత్రం తిప్పిన దుప్పట్ల ఆఖరి నీళ్ళు తొట్టిలో పడ్డాయి. ఇన్నాళ్ళకు చేతికి వాల్వు దొరికిన ఆనందం ఆయన భుజాల్లో కనిపించింది. కృపారాణి గోడ దగ్గరికి వెళ్ళి కిష్టవ్వను పిలిచింది.

"అత్తమ్మా, రేపటి సంది పొద్దున మీ సందుల బిందెలన్ని నిండినంకనే మా మెషిన్ నడుస్తది. మీరు నిండినయని ఒక మాట చెప్తే అప్పుడు మొదలువెడ్తం."

"నీ పనికి తక్లీఫ్ గాదా బిడ్డా?"

"పని నేను ఎట్లనన్న సర్దుకుంట."

మర్నాడు సందులో బిందెలు నిండాక మెషిన్ నడిచింది. తొట్టి నీళ్ళలో నానిన దుప్పట్లు మరక వదిలాయి. మెషిన్ కూత పెట్టింది, దావీదు వాల్వు తిప్పాడు. దుప్పటి బయటికి తీసి గ్లాసులో చూశారు. గిలకొట్టి కింద పెడితే నాలుగు బుడగలు లేచి అక్కడికక్కడే పగిలిపోయాయి. కృపారాణి ఇంకో దుప్పటి తీసి చూసింది, అట్టడుగున ఉన్నది. అదీ అంతే.

"ఇగ రేపు పోదాం కోరుట్లకు" అంది.

*

చెప్పిన పొద్దుకు చెప్పినట్టు డాక్టర్ శోభారాణి గది బల్ల మీద గాజు గ్లాసు ఉంది. కృపారాణి తెచ్చిన కట్టలోంచి ఏ దుప్పటి తీయాలో డాక్టరమ్మనే తీయమంది. ఆమె నడిమిలోంచి ఒకటి లాగింది. తనే ముంచింది, తనే గిలకొట్టింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"ఏం మార్చినవ్?"

కృపారాణి అన్నీ చెప్పింది. మామ తగ్గించిన సంగతి, ఎందుకు తగ్గించాడో ఆ సంగతి, తొట్టి సంగతి కూడా. దాచాలనిపించలేదు. తొట్టి మాట రాగానే డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది.

"ఒకసారి వాడిన నీళ్ళు మళ్ళా వాడుతున్నరా? ఆస్పత్రి బట్టలకు?"

"అడుగుతరని తెలుసు మేడం. అది వేడినీళ్ళల్ల ఉతికినంక వచ్చే ఆఖరి రిన్సు నీళ్ళు. నానవెట్టుడుకే వాడ్తం, ఆ తర్వాత మొత్తం పారబోసి కొత్తనీళ్ళు వేడిజేసి ఉతుకుతం. రోజుకు రోజు తొట్టి ఖాళీ చేసి కడుగుతం. అయినా మీకు వద్దనిపిస్తె చెప్పుండ్రి, వేరే తొవ్వ చూస్త."

శోభారాణి దుప్పటి మడత విప్పి చూసింది. "వేడి ఎంత పెడుతున్నవో, ఎంతసేపు పెడుతున్నవో నాకు చూపియ్యాలె. ల్యాబుకు ఒక ముక్క పంపిస్త. అది మంచిగొస్తే నాకు అభ్యంతరం లేదు."

"పంపుండ్రి మేడం. నేనైనా గదే అడుగుతుంటి."

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. "మా పెగడపల్లి దావీదు కోడలివి గదా నువ్వు. మా నాయిన చెప్పేటోడు ఆయన గురించి, నీళ్ళ కాడ ఎవ్వరి మాట వినడని." ఆ ఊరి బావి దగ్గర, మల్లవ్వ కుండ పెట్టుకుని నిలబడిన రోజుల్లో, శోభారాణి ఇంటివాళ్ళు ఏ వైపు ఉండేవాళ్ళో ఇద్దరికీ తెలుసు. డాక్టరమ్మే ముందు చూపు తిప్పుకుని, "ఆయనకు నా నమస్తే చెప్పు" అంది.

గెలిచినట్టే అనుకుంది కృపారాణి. దుప్పట్ల కట్ట ఎత్తుకుని లేవబోతుంటే నర్సు తలుపు తోసుకుని వచ్చింది.

"మేడం, నీల పాపకు గుడ లేచినయి. పొట్ట మీద, మెడ మీద."

కృపారాణి కట్టను బల్ల మీద పెట్టేసింది. డాక్టరమ్మ లేచి వార్డులోకి నడిచింది, వెనకే ఆమె. నీల అనే బాలింత మంచం మీద కూర్చుని బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. పాప మెడ కింద, పొట్ట మీద అవే ఎర్రటి దద్దుర్లు.

"మా అమ్మ ఆస్పత్రి దుప్పట్లు ముట్టనియ్యలే మేడం" అంది నీల. "గా ముగ్గురు పిల్లల సంగతి విని, ఇంటి నుంచే తెచ్చుకున్నం అన్ని. మా అమ్మ కాగవెట్టి ఉతికినయి. గీ మంచం మీద పరిచింది గుడ మాదే."

డాక్టరమ్మ, కృపారాణి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ పిల్ల కృపారాణి దుప్పటి మీద ఒక్క నిమిషం కూడా పడుకోలేదు.

"మరి పాపకు చుట్టింది?" అని అడిగింది కృపారాణి.

"గిది ఆస్పత్రోళ్ళు ఇచ్చిందే గదక్కా. కొత్తదే."

పసుపు రంగు నూలు గుడ్డ. పుట్టిన ప్రతి పాపకూ ఆస్పత్రి నుంచి ఒకటి బహుమతిగా ఇవ్వడం ఈ మధ్యనే మొదలుపెట్టారు. కొత్తవి కనుక లాండ్రీకి పంపలేదు. కట్టలు విప్పి, నేరుగా పిల్లలకు చుట్టారు.

"ముందు పిల్లలకు గుడ ఇవే చుట్టిండ్రా?" అంది.

నర్సు తలూపింది. "అందరికి."

కృపారాణి వేళ్ళను మంచం పక్కనున్న గ్లాసు నీళ్ళలో తడిపి, గుడ్డ మూలను రుద్దింది. వేళ్ళు పసుపుపచ్చగా అయ్యాయి. దాంతో పాటు బంకలాంటి గంజి అంటుకుంది. మగ్గం మీది నుంచి దింపి, ఒక్కసారి కూడా ఉతకని బట్ట. దుప్పట్లలో సబ్బు ఉండింది నిజమే. ఆ తప్పు తప్పే. కానీ అది ఒక్కటే కాదని ఇప్పుడు తెలిసింది. ఈ మాట బయటికి చెబితే తన లాండ్రీ మీద పడ్డ మచ్చలో సగం ఇక్కడే పోతుంది.

గుడ్డను తిప్పి అంచు చూసింది. అంచు వెంట సన్నగా ఒక ఆకుపచ్చ పోగు పోయి ఉంది. ఆమె దాని మీద వేలు పోనిచ్చింది.

"ఇవి సిరిసిల్ల నుంచి తెప్పిచ్చిన" అంది శోభారాణి. "మధ్యల ఏజెంటు ఇచ్చిండు. ఎవరు నేసిండ్రో తెలుసుకోవాలె. నీకు సిరిసిల్లల ఎవరన్న తెలుసా?"

తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఆకుపచ్చ పోగు సంగతి ఆ వార్డులో ఇంకెవరికీ తెలియదు.

"తెలుసు మేడం" అంది కృపారాణి. "గీ ఆకుపచ్చ పోగు పెట్టి నేసేటోడు సిరిసిల్లల ఒక్కడే. మహేందర్. మా సొంత అన్న."

అదే సమయానికి కృపారాణి చేతిలో ఫోన్ మోగింది. తెర మీద అన్న పేరే. ఆమె డాక్టరమ్మ ముందే ఎత్తి, స్పీకర్ నొక్కింది.

"చెల్లే!" మహేందర్ గొంతులో సంతోషం పట్టడం లేదు. వెనక మగ్గాల చప్పుడుతో పాటు లారీ ఇంజను కూడా వినిపిస్తోంది. "నీకే ముందుగాల చెప్తున్న. మన పసుపు బట్ట ఇగ ఒక్క కోరుట్లకే గాదు, జిల్లాల ఎన్ని కాన్పుల ఆస్పత్రులున్నయో అన్నిటికి పోతున్నది. లోడింగ్ అయిపోయింది, బండి కదుల్తున్నది. జర మంచి మాట అను!"

నీల ఒళ్ళో పాప ఎర్రబడ్డ మెడను అటూ ఇటూ తిప్పుతోంది.

"అన్నా" అంది కృపారాణి. "బండి ఆపు."

"ఏందే? చప్పుడుకు ఇనవడ్తలేదు. బండి గేటు దాటుతున్నది, మళ్ళ చెప్పు."